కూరగాయ సోయాచిక్కుడు: గృహస్థాయిలో ఉడికించే విధానం, అందలి శాస్త్రీయ కారణాలు

తెలుగు రాష్ట్రాలలో సోయాచిక్కుడు ప్రధానంగా నూనెగింజ పంటగానే పరిచితం. ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాలలో ఇది వానాకాలంలో విస్తారంగా సాగవుతున్నప్పటికీ, పండిన గింజ మార్కెట్టుకు తరలుతుందే గాని రైతు ఇంటి వంటలో దాని వినియోగం స్వల్పం. తూర్పు ఆసియా దేశాలలో ఇదే పంటను గింజ పచ్చిగా ఉన్నప్పుడే కోసి కూరగాయగా భుజిస్తారు. జపాను భాషలో దీనిని ఎడమామే అంటారు. ‘కొమ్మ మీది గింజలు’ అని ఆ పేరుకు అర్థం. భారతదేశంలో ఈ వినియోగం నిమిత్తం రాంచీలోని భారత వ్యవసాయ పరిశోధన మండలి కేంద్రం నుండి స్వర్ణ వసుంధర అనే రకం వెలువడింది. ఉడికించిన గింజలు 100 గ్రాములలో సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల కొవ్వు, 5 గ్రాముల పీచు లభిస్తాయి.

కోత దశ

గింజలు కాయలోని గదులను నిండుగా ఆక్రమించి, కాయ ఇంకా పచ్చగా ఉన్న ఆర్-6 దశ కోతకు అనువైనది. కాయ పసుపు రంగుకు తిరిగిన పిమ్మట తీపి తగ్గి గింజ గట్టిపడుతుంది. కోసిన తరువాత కూడా శ్వాసక్రియ వలన చక్కెరలు వ్యయమవుతూనే ఉంటాయి. కావున కాయలను అదే రోజున ఉడికించాలి, లేదా వెంటనే శీతలీకరించాలి.

ఉడికించే విధానం

250 గ్రాముల కాయలకు 1 లీటరు నీరు, 40 గ్రాముల ఉప్పు తీసుకోవాలి. కాయల రెండు కొనలను కొద్దిగా కత్తిరిస్తే ఉప్పునీరు లోపలికి చేరుతుంది. ఉప్పులో మూడవ వంతుతో కాయలను చేతితో బాగా రుద్దితే పైనున్న నూగు తొలగుతుంది. మిగిలిన ఉప్పును మరిగే నీటిలో వేసి, రుద్దిన కాయలను కడగకుండానే అందులో చేర్చి, మూత పెట్టకుండా 4 నుండి 5 నిమిషాలు ఉడికించాలి. ఒక గింజను రుచి చూసి, పచ్చివాసన లేకుండా మెత్తబడినదని నిర్ధారించుకున్న తరువాత నీటిని వడకట్టాలి. కాయలను పళ్లెంలో పలుచగా పరచి విసరుతూ చల్లార్చాలి. చన్నీరు పోస్తే ఉప్పదనం, రుచి పలచబడతాయి. గింజలను మాత్రమే తినాలి. పీచుతో కూడిన పైతొక్క తినదగినది కాదు.

శాస్త్రీయ కారణాలు

గింజ వేడెక్కే క్రమంలో బీటా అమైలేజ్ అనే ఎంజైము కొంత పిండిపదార్థాన్ని మాల్టోజ్‌గా మారుస్తుంది. ఉడికిన గింజ పచ్చిదానికంటే తియ్యగా ఉండటానికి ఇది ఒక కారణం. సోయాకు సహజమైన పచ్చివాసనకు లిపాక్సిజినేజ్ ఎంజైము మూలం. మరిగే నీటి వేడి దానిని నిర్వీర్యం చేస్తుంది. అందువలన గింజలను పచ్చిగా రుబ్బి వంటలో వాడరాదు. మాంసకృత్తుల జీర్ణక్రియకు అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాల చర్య సైతం ఉడికించడం వలన గణనీయంగా తగ్గుతుంది.

అధిక సమయం ఉడికిస్తే పత్రహరితం ఫియోఫైటిన్‌గా మారి గింజ మట్టిపచ్చ రంగుకు తిరుగుతుంది. ఆమ్లత్వం ఈ మార్పును వేగిరపరుస్తుంది. కనుక ఈ గింజలతో పులుసుకూర వండేటప్పుడు చింతపండు రసంలో గింజలను మొదటి నుండి ఉడికించక, విడిగా ఉడికించి చివరలో కలపడం మేలు.

విస్తరణ సిబ్బంది గమనించవలసిన అంశాలు

పైన తెలిపిన 5 నిమిషాల సమయం పచ్చికాయలకే వర్తిస్తుంది. ఎండిన సోయా గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, ప్రెషర్ కుక్కరులో మెత్తగా ఉడికించాలి. ఈ భేదాన్ని ప్రదర్శనలలో స్పష్టంగా చెప్పకపోతే గృహిణులు ఎండుగింజను అరకొరగా ఉడికించే ప్రమాదం ఉంది.

అంతకంటె ముఖ్యమైనది పురుగుమందుల అవశేషాల సమస్య. గింజ కోసం వేసిన చేలలో కాయ ఊరే దశలోనూ పిచికారీలు జరుగుతుంటాయి. ఎండిన గింజ కోతను దృష్టిలో ఉంచుకొని నిర్ణయించిన నిరీక్షణ కాలం, కొన్ని వారాల ముందే కోసే పచ్చికాయకు సరిపోదు. కాబట్టి ఇంటి వాడకానికి మందు చల్లని కొన్ని సాళ్లను ముందుగానే వేరుచేయమని రైతులకు సూచించాలి.

రక్తపోటు ఉన్నవారికి ఉప్పును బాగా తగ్గించి ఉడికించాలి. సోయా సరిపడనివారు దీనిని పూర్తిగా మానాలి. ఈ జాగ్రత్తలతో, పొలంలో పండే మాంసకృత్తులలో కొంత భాగమైనా పండించిన కుటుంబపు పళ్లెంలోకి చేరగలదు.