సెల్‌ఫోన్ యాప్‌లు – వాడేవారి సౌలభ్యం

ఆధునిక యుగం విజ్ఞాన యుగమని చిన్న తరగతుల నుండి వ్యాసాలలో రాస్తూనే ఉన్నాం. ఆ విజ్ఞానం నేడు సెల్‌ఫోన్ రూపంలో ప్రతివారి జేబులోకీ వచ్చి చేరింది. 2016లో నోట్ల రద్దు తరువాత మన సిద్దిపేటకు దగ్గరలోని ఇబ్రహీంపూర్ నగదు రహిత గ్రామంగా పత్రికలకెక్కింది. ఇప్పుడు గజ్వేల్‌లో కూరగాయలమ్మే అవ్వ గంప ముందు కూడా ఫోన్‌తో స్కాన్ చేసే అట్ట కనిపిస్తుంది. అయితే వస్తువు చేతికి రావడం వేరు, ఆ వస్తువు చేతికి లొంగడం వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని తగ్గించే శాస్త్రమే వాడుక సౌలభ్యం. దీనిని నేను పుస్తకంలో కంటే ముందు మా ఇంటి బర్రెల కొట్టంలో నేర్చుకున్నాను. ఆ సంగతి మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వాడుక సౌలభ్యం అంటే ఏమిటి?

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లో దీనికి ఒక నిర్వచనం ఇచ్చి, 2018లో సవరించింది. ఆ ప్రమాణం సంఖ్య 9241-11. దాని సారాంశం ఇది: ఫలానా మనుషులు, ఫలానా పని కోసం, ఫలానా పరిస్థితిలో ఒక వస్తువును వాడినప్పుడు మూడు విషయాలు చూడాలి. మొదటిది, పని పూర్తయిందా? రెండవది, దానికెంత సమయం, ఎంత శ్రమ పట్టింది? మూడవది, వాడినవారికి తృప్తి కలిగిందా?

ఇందులో "ఫలానా" అన్న మాటే ప్రాణం. అందరికీ సులువైన యాప్ అనేది గాలిలో ఉండదు. ఎవరికి, ఎక్కడ, దేనికి అని అడిగిన తరువాతనే సులువా కాదా అన్నది తేలుతుంది. నేను ఆ ప్రశ్న అడగలేదు. ఫలితం చెబుతాను.

నేను చేసిన యాప్

మాది గజ్వేల్ దగ్గర ఒక పల్లె. మూడెకరాల చెల్క, రెండు పాడి బర్రెలు ఉన్నవి. వ్యవసాయం నాయిన చూస్తాడు, పాల లెక్క అమ్మది. రెండు పూటలా పాల కేంద్రంలో పాలు పోసి వచ్చి, కొట్టం గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తుంది. లీటరుకు పొడుగు గీత, అర లీటరుకు పొట్టి గీత. పదిహేను రోజులకు బిల్లు వస్తే ఆ గీతలు లెక్కపెట్టి సరిచూసుకుంటుంది. మూడో తరగతితో చదువు మానిన మనిషి. ఆమె లెక్క తప్పడం నేను చూడలేదు.

డిగ్రీ రెండో సంవత్సరంలో కంప్యూటర్ సైన్సు ప్రాజెక్టుకు "పాల లెక్క" అనే యాప్ తయారు చేశాను. తారీఖు, పూట, లీటర్లు, వెన్న శాతం, ధర అన్నీ అందులో ఉన్నవి. క్లాసులో అందరూ మెచ్చుకున్నారు. ఆ గర్వంతో అమ్మ ఫోన్‌లో వేసి, "ఇగ గోడ మీద గీతలు బంద్ చెయ్యి" అన్నాను. అమ్మ నా మాట విన్నది. నేను హాస్టల్‌కు వెళ్లిపోయాను.

పదకొండు రోజులు చెల్లె పక్కనుండి ఒత్తిపెట్టింది. పన్నెండో రోజు చెల్లె పరీక్షకు పోతే అమ్మ ఒక్కతే ఒత్తింది. రాత్రి నాకు ఫోన్ చేసి, "కొడుకా, లెక్కంత పోయింది. ఏం ఒత్తిన్నో ఏమో. నాకు సదువు రాకపాయె, గందుకే గిట్లయింది" అన్నది.

గోడ మీద గీతలు లేవు, ఫోన్‌లో అంకెలు లేవు. ఆ బిల్లు సరిగానే వచ్చి ఉండవచ్చు. కాని సరిచూసుకునే ఆధారాన్ని ఆమె చేతి నుండి తీసేసింది నేను. పైగా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, తన చదువునే తిట్టుకున్నది. అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ నార్మన్ 1988లో ప్రచురించిన పుస్తకంలో సరిగ్గా ఈ సంగతే చర్చించాడు. వస్తువు సరిగా లేకపోయినా వాడేవారు తమనే నిందించుకుంటారని, చాలాసార్లు ఆ తప్పు వస్తువును రూపొందించిన తీరులోనే ఉంటుందని ఆయన వాదన. అది చదివినప్పుడు నాకు అమ్మ గొంతు వినబడింది.

తప్పు ఎక్కడ జరిగింది?

ఆదివారం ఇంటికి పోయి, అమ్మ చేతికి ఫోన్ ఇచ్చి, నోరు మూసుకొని చూశాను. ఆ అరగంటలో తెలిసిన సంగతులను వరుసగా రాస్తున్నాను. జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 1994లో స్థిరపరచిన పది సూత్రాలలో వీటిలో చాలావరకు ఉన్నవని తరువాత తెలిసింది.

1. గుర్తులు, మాటలు వాడేవారి లోకంలోవి కావాలి. లెక్క చెరిపేయడానికి నేను పెట్టిన గుర్తు మూత ఉన్న చెత్తబుట్ట. "గిది పాల క్యానే గద బిడ్డా! పాలు పోసిన్నని దీన్నొత్తిన" అన్నది అమ్మ. మళ్లీ చూస్తే నాకూ అది పాల క్యాన్‌లాగానే కనిపించింది. మా ఇంట్లో మూత ఉన్న చెత్తబుట్ట ఎన్నడూ లేదు, పాల క్యాన్ రోజూ ఉంటుంది. ఇక బటన్ మీద "సమర్పించు" అని రాశాను. చెల్లె చదివి వినిపిస్తే, "దేవునికి సమర్పిస్తరు గని, పాల లెక్క ఎవరికి సమర్పించుడు?" అని అడిగింది. జవాబు నా దగ్గర లేదు. "రాసిపెట్టు" అంటే సరిపోయేది.

2. తప్పు జరగకుండా చూడాలి, జరిగితే దిద్దుకునే దారి ఉండాలి. నా యాప్ "చెరిపేయాలా?" అని ఒక్క మాట అడగకుండా మొత్తం చెరిపింది. తిరిగి తెచ్చుకునే దారి లేదు. వెన్న శాతం 6.5 బదులు 65 అని కొట్టినా తీసుకున్నది. బర్రె పాలలో 65 శాతం వెన్న ఉండదని బర్రెకు కూడా తెలుసు, నా యాప్‌కు తెలియలేదు.

3. జరిగిన పని జరిగినట్టు తెలియాలి. కిరాణా దుకాణంలో డబ్బు వచ్చిందని గట్టిగా చెప్పే చిన్న స్పీకర్ పెట్టెను అందరం చూశాం. సేటు ఫోన్ తీయకుండానే, తక్కెడ వదలకుండానే సంగతి తెలుసుకుంటాడు. నా యాప్ మాత్రం లెక్క రాసినప్పుడూ చెరిపినప్పుడూ ఒకే విధంగా మౌనంగా ఉన్నది.

4. జ్ఞాపకం మీద భారం వేయరాదు. మూడు పేజీలు దాటి పోతే గాని లీటర్లు రాసే చోటు రాదు. ఆ దారి గుర్తుంచుకోవడం నాకు తేలిక, ఎందుకంటే వేసినవాణ్ని నేను. కావలసింది కళ్ల ముందే కనబడితే గుర్తుంచుకునే పని ఉండదు.

5. చేయి, కన్ను, చోటు చూడాలి. పాలు పిండిన చేయి తడిగా ఉంటుంది. మన ఫోన్ తెర వేలు తాకినప్పుడు కలిగే విద్యుత్ కెపాసిటెన్స్ మార్పును బట్టి పనిచేస్తుంది. నీరు కూడా ఆ మార్పును కలిగిస్తుంది కాబట్టి తడి వేలు ఒకచోట పెడితే తెర మరోచోట అనుకోవచ్చు. పాల్ ఫిట్స్ 1954లో చెప్పిన నియమం ప్రకారం చిన్నదీ దూరమైనదీ అయిన గురిని అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లకు గూగుల్ ఇచ్చే సూచన, బటన్ సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని. స్కేలు పెట్టి కొలిస్తే నావి 5 మిల్లీమీటర్లే.

మన దేశంలో ఒక పాత పాఠం

ఇదంతా విదేశాల నుండి వచ్చిన కొత్త విద్య అనుకోనక్కర లేదు. 1951 జనాభా లెక్కల నాటికి మన దేశంలో అక్షరాస్యత సుమారు 18 శాతం. 1951-52 మొదటి సాధారణ ఎన్నికలలో "చదువు నేర్చుకొని వచ్చి ఓటు వేయండి" అని ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానికి ఎన్నికల గుర్తు అంటించారు. చదువు రాని మనిషి కూడా తన గుర్తు చూసి ఓటు వేసింది. ఈనాటి ఓటింగ్ యంత్రంలోనూ గుర్తు పక్కనే బటన్ ఉంటుంది. ఒత్తగానే దీపం వెలుగుతుంది, బీప్ మోగుతుంది, చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. మీద చెప్పిన సూత్రాలు దాదాపు అన్నీ అందులో ఉన్నవి. మనిషిని యంత్రానికి తగినట్టు మలచలేదు, యంత్రాన్నే మనిషికి తగినట్టు మలిచారు.

మళ్లీ మొదలు

1985లో గౌల్డ్, లూయిస్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు మాటలు చెప్పారు. మొదటి నుండే వాడేవారి మీద దృష్టి పెట్టాలి, వారి చేత వాడించి కొలవాలి, దిద్దుతూ మళ్లీ మళ్లీ చేయాలి. నేను దసరా సెలవులలో అదే పని చేశాను. అమ్మతో పాటు పాలు పోసే మరి నలుగురు ఆడవాళ్లకు ఫోన్ ఇచ్చి చూశాను. ఐదుగురు చాలునని నీల్సన్ 2000లో రాశాడు. అది నిజమేననిపించింది, ఎందుకంటే ఐదో ఆమె దగ్గరికి వచ్చేసరికి పాత తప్పులే మళ్లీ కనిపించాయి.

ఇప్పుడు యాప్‌లో ఒకే పేజీ ఉన్నది. పొద్దటికి సూర్యుడు, సాయంత్రానికి చంద్రుడు. నిన్నటి లీటర్లే ముందుగా కనిపిస్తాయి. ఎక్కువైతే ఒక పెద్ద బటన్, తక్కువైతే మరొకటి, ఒక్కోసారికి అర లీటరు మారుతుంది. ఒత్తగానే "పొద్దున మూడు లీటర్లు రాసిన" అని చెల్లె గొంతు వినిపిస్తుంది. లెక్క అంకెలతో పాటు పొడుగు గీతలు, పొట్టి గీతలుగా కూడా కనబడుతుంది. చెత్తబుట్టను తీసేశాను. తప్పు రాస్తే "తప్పయింది" అనే బటన్ ఒత్తితే వెనుకటి లెక్క తిరిగి వస్తుంది.

మొన్నటి బిల్లును అమ్మ ఒక్కతే సరిచూసుకున్నది. అయినా గోడ మీద బొగ్గు గీతలు మళ్లీ మొదలుపెట్టింది. ఎందుకమ్మా అంటే, "ఫోన్ల చార్జింగ్ అయిపోతది. గోడ ఏడికి పోతది?" అన్నది. ఈసారి బంద్ చెయ్యమని నేను అనలేదు.

విద్యార్థి మిత్రులారా! మనలో చాలామంది రేపు యాప్‌లు రాసేవాళ్లం కావచ్చు. మన ఇండ్లలోని పెద్దలు బ్యాంకు పనికీ, పంట పనికీ ఫోన్ పట్టుకొని మన ముఖం చూస్తున్నారు. వాళ్లు తడబడితే "నీకు రాదు, ఇటియ్యి" అని గుంజుకోకుండా, ఒక్క నిమిషం ఊరుకొని చూద్దాం. ఎక్కడ వేలు ఆగిందో అక్కడ మన పాఠం ఉంటుంది. వాడేవారి తడబాటు వారి అజ్ఞానం కాదు, చేసినవాడికి అందిన ఉత్తరం. ఆ ఉత్తరం చదవడం నేర్చుకుందాం.