గుండె పైపొర – పుట్టుక, పని, మరమ్మతు

గుండె అనగానే కవి మిత్రులకు ప్రేమ గుర్తుకు వస్తుంది, సినిమా వాళ్లకు పాట గుర్తుకు వస్తుంది. జంతుశాస్త్ర విద్యార్థినైన నాకు మాత్రం మాంసం కొట్టులో మేక గుండె గుర్తుకు వస్తుంది. ఈసారి దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. పైన తడితడిగా నిగనిగలాడే పలుచని పొర ఉంటుంది. దాని కింద అక్కడక్కడా కొవ్వు, ఆ కొవ్వులో పాకిన రక్తనాళాలు. గుండెకే రక్తం అందించే కరోనరీ నాళాలవి. పైనున్న ఆ పొర పేరు ఎపికార్డియం. ఎపికార్డియం, మయోకార్డియం, ఎండోకార్డియం అని మూడు పొరల పేర్లు రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి గనుక మనలో చాలామంది అంతటితో దాన్ని వదిలేస్తారు. కాని ఈ మూడింటిలో అసలు కథ ఉన్నది పైపొరకే అని నా అభిప్రాయం.

మొదటి వింత దాని పుట్టుకలోనే ఉంది. మిరప నారు పొలంలో పుట్టదని మా పొదిలి వైపు వారికి చెప్పనక్కరలేదు. వేరేచోట నారుమడి పోసి, నలభై రోజులు పెంచి, పీకి తెచ్చి నాటుతాం. (ఇప్పుడు చాలామంది షేడ్‌నెట్ నర్సరీలలో కొంటున్నారు, అది వేరే సంగతి.) ఎపికార్డియం కూడా అలా బయట పుట్టి గుండె మీదికి వచ్చినదే. కోడిపిండంలో రెండవ రోజే గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటికి అది వంకర తిరిగిన ఒక గొట్టం మాత్రమే. లోపల ఎండోకార్డియం, బయట కండరం. పైన పొర లేనే లేదు. మూడవ రోజు ప్రాంతాన, గుండెలోకి రక్తం వచ్చే సైనస్ వీనోసస్ దగ్గర, కాలీఫ్లవర్ పువ్వులాంటి చిన్న కణాల గుత్తి కనిపిస్తుంది. అదే ప్రొఎపికార్డియం, అంటే మన నారుమడి. ఆ గుత్తి వేళ్లు సాచి గుండె గొట్టాన్ని అంటుకుంటుంది. దాని కణాలు గొట్టమంతా పరుచుకుని దుప్పటిలా కప్పేస్తాయి.

పూర్వం శాస్త్రజ్ఞులు ఇలా అనుకోలేదు. గొట్టం వెలుపలి గోడే కండరాన్నీ, పైపొరనూ రెండింటినీ ఇస్తుందని భావించి దానికి ‘ఎపిమయోకార్డియం’ అని పేరు పెట్టారు. పాత పిండశాస్త్ర గ్రంథాలలో ఈ మాట కనిపిస్తుంది. 1969లో మనాసెక్ అనే శాస్త్రజ్ఞుడు కోడిపిండాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరిశీలించి, పైపొర బయటినుండి వచ్చి చేరుతున్నదని చూపించాడు.

వచ్చి ఊరికే కప్పుకుని కూర్చుంటుందా? లేదు. దానిలోని కొన్ని కణాలు పక్క కణాలతో బంధం తెంచుకుని, రూపం మార్చుకుని, కండరంలోకి దిగిపోతాయి. వాటిలో కొన్ని కరోనరీ ధమనుల గోడలలోని నునుపు కండరంగానూ, మరికొన్ని గుండెకు పటుత్వమిచ్చే నారుపదార్థాన్ని తయారుచేసే ఫైబ్రోబ్లాస్టులుగానూ మారతాయి. ధమనుల లోపలి పూత మాత్రం చాలావరకు వేరే దారిన వస్తుంది. అది సైనస్ వీనోసస్ నుండి మొలకెత్తుతుందని 2010లో ఎలుకలలో చూపించారు. ఇక పైన మిగిలిన కణాలు విటమిన్ ఏ నుండి రెటినోయిక్ ఆమ్లం తయారుచేస్తాయి, పెరుగుదల ప్రోటీన్లను వదులుతాయి. కండరం మందంగా పెరగడానికి ఆ సంకేతాలు అవసరం.

దీనికి ఋజువు ఏమిటి? 1990లలో ఒక చక్కని ప్రయోగం జరిగింది. కోడిగుడ్డు పెంకు లోపల ఉండే పలుచని పొర ముక్కనే తీసి, నారుమడికీ గుండెకూ మధ్య అడ్డుగా పెట్టారు. పొర రావడం ఆలస్యమయింది. ఆ తరువాత జరిగిన ఇలాంటి ప్రయోగాలలో, పైపొర సరిగా రాని పిండాలలో గుండె గోడ పలుచబడింది, కరోనరీ నాళాలు సక్రమంగా ఏర్పడలేదు. వేలకు వేల రూపాయల పరికరాలు లేవని వాపోయే మనకు ఈ ప్రయోగం నచ్చాలి.

ఇప్పుడు నన్ను ఈ విషయం చదివించిన కారణం చెబుతాను. మూడేళ్ల క్రితం మా పెదనాన్నకు గుండెపోటు వచ్చింది. పొగాకు, మిరప వేసే రైతు; చుట్ట మానని మనిషి. ప్రాణం దక్కింది. కాని ‘గుండెలో కొంతభాగం మచ్చ కట్టింది, అది మళ్లీ రాదు’ అని డాక్టరుగారు చెప్పారు. ‘కాలికి దెబ్బ తగిలితే మానుతుంది గదరా, దీనికేం రోగం?’ అని పెదనాన్న నన్నడిగాడు. ఇంట్లో సైన్సు చదివేది నేనొక్కణ్ణే మరి.

సమాధానం ఇది. పెద్ద గుండెపోటులో వంద కోట్ల దాకా కండర కణాలు చనిపోవచ్చు. మన గుండెలో కొత్త కండర కణాలు అసలు పుట్టవని కాదు. ఇరవై అయిదేళ్ల వయసులో ఏడాదికి నూటికి ఒకటి చొప్పున మారతాయనీ, డెబ్బై అయిదు వచ్చేసరికి అది సగానికంటే తగ్గుతుందనీ 2009లో లెక్క తేల్చారు. ఆ వేగంతో పోయిన కోట్లు పూడవు. పెద్దయ్యాక నిద్రపోయినట్లుండే ఎపికార్డియం దెబ్బ తగలగానే లేస్తుంది. చిన్ననాటి జన్యువులు కొన్ని మళ్లీ పనిచేస్తాయి. అయితే మనలాంటి జీవులలో అది ముఖ్యంగా మచ్చ కట్టడానికే సాయపడుతుంది. మచ్చను తిట్టకూడదు. అది లేకపోతే చచ్చిన గోడ రక్తపు ఒత్తిడికి పగిలిపోతుంది. కాని మచ్చ ముడుచుకోదు, రక్తాన్ని నెట్టదు.

మరి పూర్తిగా బాగుపడే గుండె ఉన్నదా? ఉన్నది, అదీ మన దేశపు చేపకే. గంగా ప్రాంతపు వాగుల్లో తిరిగే వేలెడంత చారల చేప, జీబ్రా చేప. 1822లో హామిల్టన్ దాన్ని వర్ణించాడు. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో కూడా ఈ చేపలపై పరిశోధనలు జరుగుతున్నాయి. 2002లో అమెరికాలో దీని జఠరికలో అయిదో వంతు కోసివేస్తే, రెండు నెలల్లో అది తిరిగి పెరిగింది. కోసిన ఒకటి రెండు రోజుల్లోనే గుండె చుట్టూ ఉన్న ఎపికార్డియం అంతా మేల్కొని, తరువాత గాయం మీద చేరుతుందని 2006లో గమనించారు. 2015లో ఆ పైపొరనే నాశనం చేసి చూస్తే కండరం పెరుగుదల కుంటుపడింది. ఇంకా విచిత్రం, పొర తిరిగి పెరిగింది! పుట్టిన రోజు ఎలుకపిల్లకు కూడా ఈ శక్తి ఉంది, వారం తిరిగేసరికి పోతుందని 2011లో తేలింది.

అదే ఏడాది థైమోసిన్ బీటా-4 అనే పదార్థాన్ని ఎలుకలకు ముందుగా ఇచ్చి, తరువాత గుండెకు దెబ్బ కలిగిస్తే, పైపొర నుండి కొద్దిపాటి కండర కణాలు వచ్చాయని ఇంగ్లండులో ప్రకటించారు. పత్రికలు హడావుడి చేశాయి. 2012లో వేరొక బృందం దెబ్బ తగిలిన తరువాత ఇచ్చి చూస్తే రాలేదు. గుండెపోటు ఫలానా రోజు వస్తుందని ముందుగా తెలిసేది ఎవరికి? అంతకంటే నాకు ఆశ కలిగించినది 2019 నాటి కేంబ్రిడ్జి ప్రయోగం. మానవ మూలకణాల నుండి ఎపికార్డియం కణాలనూ, కండర కణాలనూ పెంచి, రెండూ కలిపి ఎలుకల దెబ్బతిన్న గుండెల్లో నాటారు. కండర కణాలు ఒక్కటే నాటినప్పటికంటే, కలిపి నాటినప్పుడు అతుకు పెద్దదయింది, గుండె పని మెరుగుపడింది. పెదనాన్నకు ఇది చెబితే, ‘ఎలుకల దాకా వచ్చిందిగా’ అన్నాడు.

జూనియర్ మిత్రులకు ఒక మాట. ప్రాక్టికల్స్‌లో 72 గంటల కోడిపిండం చూసేటప్పుడు కళ్లు, తోక లెక్కపెట్టి రికార్డు మూసేయకండి. అడ్డుకోతల స్లైడు దొరికితే లెక్చరరుగారిని అడిగి సైనస్ వీనోసస్ దగ్గరకు జరపండి. గుండెకు ఆనుకుని చిన్న గుత్తి ఒకటి కనిపిస్తుందేమో వెతకండి.