పంటయు గాదెయు

హైదరాబాదు నగరమునందలి అమీరుపేట, పంజగుట్ట ఒకదానినొకటి ఆనుకొనియున్న పేటలు. అమీరుపేటలోని మైత్రీవనము చుట్టుపట్ల కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములు పెక్కు గలవు. తెలుగు జిల్లాల యువకులు అచటికి వచ్చి, కొలది మాసములలో ఒక విద్య నేర్చి ఉద్యోగము సంపాదింప యత్నింతురు. పాఠముల నోట్సు ప్రతులు సమీపమున జిరాక్సు దుకాణములలో లభించును.

అట్లు వచ్చి పంజగుట్టలో వసతి కుదుర్చుకొనినవారిలో ఒక రైతు కుమారుడుండెను. తండ్రి అప్పుచేసి రుసుము చెల్లించెను. కుమారుడు శ్రద్ధగలవాడే. కాని అతని నోట్సు కొంత పుస్తకములో, కొంత చీటీలపై, కొంత ఫోనులో ఛాయాచిత్రములుగా చెదరియుండెను. ప్రాజెక్టు సమర్పింపవలసిన ముందురాత్రి, పూర్వమొకమారు తానే దిద్దుకొనిన తప్పు మరల ఎదురయ్యెను. పరిష్కారమును వ్రాసికొనుట జ్ఞాపకమున్నది. ఎచట వ్రాసెనో జ్ఞాపకము లేదు. తెల్లవారువరకు వెదకినను దొరకలేదు.

గదిలోని పెద్ద మిత్రుడది చూచి, "తమ్ముడా! పంట పండించితివి గాని గాదె కట్టలేదు" అనెను.

మైక్రోసాఫ్టు సంస్థ 2003లో వెలువరించిన వన్‌నోట్ అట్టి గాదెలలో ఒకటి. అందు పుస్తకములు, పుస్తకమునందు విభాగములు, విభాగమునందు పుటలు ఏర్పరచుకొనవచ్చును. ఒక మాటను టైపుచేసి వెదకినచో ఆ మాటగల పుటలు కానవచ్చును. ఈ యుపాయమునకు మూలము ప్రాచీనమే. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమున విషయములను అకారాదిక్రమమున కూర్చుటయు, కోరినది కోరినప్పుడు దొరకుటకే.

యువకుడు దుకాణమున కొనిన నోట్సునంతయు ఫోనుతో చిత్రములు తీసి అందు చేర్చెను. గాదె నిండెను, కాని అందలి విషయ మేమని మిత్రుడడుగగా అతడు చెప్పలేకపోయెను. "పరుల ధాన్యము నింపినంత మాత్రమున నీవు పండించినట్లగునా?" అని మిత్రుడు నవ్వెను.

నాటినుండి యువకుడు 'పాఠములు', 'తప్పులు, పరిష్కారములు', 'చేయవలసిన పనులు' అని మూడు విభాగము లేర్పరచి, ప్రతిరాత్రి నేర్చినదానిని తన మాటలలో నాలుగు పంక్తులు వ్రాసి, శీర్షికను, తేదీని చేర్చుచుండెను. వెనుకటి తప్పు మరల వచ్చినప్పుడు పరిష్కారము క్షణములో దొరకెను.

కొంతకాలమునకు ఉద్యోగపు ముఖాముఖిలో ఆ తప్పును గూర్చియే అడిగిరి. అప్పుడు చేత ఫోను లేదు. అయినను అతడు తడబడక వివరించెను. తన మాటలలో వ్రాసికొనినది యంత్రమునందే కాక మనస్సునందును నిలిచియుండెను.