మర – మరమ్మతు : ఒక పరిశీలన

సంస్కృతంలో 'యమ్' అనే ధాతువుకు అదుపులో ఉంచడం, నియమించడం అని అర్థం. అందునుండి పుట్టినదే 'యంత్రము'. అచ్చ తెలుగులో దానికి 'మర' అని పేరు. నూనెమర, పిండిమర, మరమేకు, మరబొమ్మ అనే మాటలలో అది నేటికీ సజీవంగా ఉన్నది. ఐతే ఆ మర చెడినప్పుడు బాగుచేయడాన్ని మాత్రం తెలుగువారు 'మరమ్మతు' అంటారు. ఈ రెండు మాటలకు చుట్టరికం ఉన్నదని మా విద్యార్థులు కొందరు అనుకుంటూ ఉంటారు. అది చెవికి తోచే చుట్టరికమే గాని రక్తసంబంధం కాదు. మరమ్మతు అరబ్బీ మూలం నుండి ఉర్దూ ద్వారా మన భాషలోనికి వచ్చినది. కుడివైపు నుండి ఉర్దూ, ఎడమవైపు నుండి తెలుగు సాగి నడుమ కలుసుకొనే ఈ సంచికలో ఆ రెండు మాటలను గూర్చి ఒకచోట ముచ్చటించుకోవడం అసందర్భం కాదని మా అభిప్రాయం.

మేము భాషాధ్యాపకులమే గాని ఇంజనీరులము కాము. ఐనా ఇంటిలో ఫ్యాను ఆగినా, మిక్సీ మొరాయించినా పేచ్‌కస్ చేతబట్టి ముందుగా విప్పి చూడడం మాకు చిన్ననాటి నుండి ఉన్న అలవాటు. ఏ వస్తువునైనా దాని వెనుకవైపు మూతను బట్టి మేము అంచనా వేస్తాము. మూతకు మరమేకులు ఉన్నవా, జిగురు పెట్టి మూసివేసినారా అన్నది మా మొదటి ప్రశ్న. మరమేకులు పెట్టినవాడు, ఎవరో ఒకనాడు దీనిని విప్పుతారని తలచినవాడు. జిగురు పెట్టినవాడు ఆ తలంపే లేనివాడు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 11వ శతాబ్దంలో ధారానగరాన్ని ఏలిన భోజుని పేరిట ఉన్న 'సమరాంగణ సూత్రధారము'లో యంత్రాలకు ఒక పూర్తి అధ్యాయమే కేటాయించబడినది. ఎగిరే కొయ్యపక్షి, ద్వారం కాచే కొయ్యబంటు మొదలైన వింతలు అందులో కనిపిస్తాయి. కాని వాటిని కూర్చే విధానం మాత్రం పూర్తిగా చెప్పలేదు. తెలియక చెప్పకపోవడం కాదనీ, రహస్యంగా ఉంచడానికే చెప్పలేదనీ గ్రంథకర్త దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. అందుకు భిన్నంగా, 1206లో అల్‌జజరీ అనే శిల్పి దియార్‌బక్ర్ పాలకుల కొలువులో ఉండి యంత్రాలపై ఒక గ్రంథం పూర్తిచేసినాడు. నీటి గడియారాలు, నీరు తోడే యంత్రాలు మొదలైన వాటికి పటాలు, కొలతలు, కూర్పు వరుస అన్నీ అందులో చూపినాడు. ఆ వివరాలను ఆధారం చేసుకొని 1976లో లండన్ సైన్స్ మ్యూజియం వారు ఆయన పెద్ద నీటి గడియారాన్ని తిరిగి కట్టి నడిపించినారు. దాదాపు 770 ఏండ్లకు తరువాతి పనివాడు మొదటి పనివాని మాట విని పని చేయగలిగినాడన్నమాట. భోజుని కొయ్యపక్షి నేటికీ గ్రంథంలోనే ఉన్నది.

నేటి వస్తువులలో భోజుని మార్గం ఎక్కువై, జజరీ మార్గం తక్కువై పోతున్నదని మాకు తోస్తున్నది. ఈ మాట ఆకాశంలో నుండి చెప్పడం లేదు. మా విద్యార్థులలో పలువురు వచ్చే పుప్పాలగూడను చూచి చెబుతున్నాము. ఒకనాడు హైదరాబాదుకు పడమట రాతిగుట్టల నడుమ ఒదిగి ఉన్న ఊరు అది. ఒక పక్క మణికొండ, ఒక పక్క నార్సింగి, ఆవల నానక్‌రామ్‌గూడ. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ తెరచిన తరువాత క్రమంగా ఈ వైపంతా మేడలతో నిండినది. ఐనా ఆ మేడల నీడలోనే రేకుల షెడ్లు కొన్ని మిగిలి ఉన్నవి. పంచరు వేసేవారు, వెల్డింగు చేసేవారు, మోటారు సైకిళ్ళు బాగుచేసేవారు అందులో బ్రతుకుతున్నారు. అటువంటి షెడ్లలో పనిచేసే తండ్రుల బిడ్డలు మా తరగతులలో ఉన్నారు. వారు కంప్యూటరు చదువు చదివి మేడలలో ఉద్యోగం కోరుతున్నారు. కోరదగినదే. జర్మనీకి చెందిన జెడ్.ఎఫ్. సంస్థ 2017లో నానక్‌రామ్‌గూడలో సాంకేతిక కేంద్రం తెరచినది. హ్యుందాయ్ సంస్థవారి ఇంజనీరింగ్ కేంద్రం కూడా ఈ నగరంలోనే ఉన్నది. వాహనానికి రూపం కల్పించే పని, దానికి బుద్ధి చెప్పే పని షెడ్డుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే జరుగుతున్నవి. కొడుకు మేడలో కూర్చుండి వ్రాసే ప్రోగ్రాము, తండ్రి షెడ్డు ముందు తాళమై వేలాడే రోజు వస్తుందేమో అన్నదే మా ఆందోళన.

తాళం ఎట్లా పడినదో కొంచెం వివరించాలి. పూర్వపు మోటారు సైకిలులో కార్బురేటరు ఉండేది. గాలి సన్నని గొంతు గుండా వేగంగా పోతున్నప్పుడు అక్కడ పీడనం తగ్గి, పెట్రోలు సన్నని రంధ్రం నుండి పైకి పీల్చబడి గాలిలో కలిసేది. ఆ పాళ్ళను సరిచూడడానికి చిన్న స్క్రూ ఉండేది. మెకానిక్ ఇంజను చప్పుడు వింటూ ఆ స్క్రూను పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు తిప్పి, చప్పుడు కుదుటపడిన చోట ఆపేవాడు. వీణ శ్రుతి చేసేవాడికీ ఇతనికీ పనిలో భేదం తక్కువ. ఏండ్ల తరబడి చెవిలో నిలిచిన విద్య అది.

2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నియమాలు అమలులోనికి వచ్చినవి. కొత్త వాహనాలలో ఆ స్క్రూ స్థానాన్ని ఇంజెక్షను పద్ధతి ఆక్రమించినది. పొగగొట్టంలో ఒక సెన్సారు ప్రాణవాయువును కొలుస్తుంది. కంప్యూటరు ఆ లెక్క చూచి పెట్రోలు చిమ్మే కాలాన్ని సెకనులో వేయవ వంతుల లెక్కన సవరిస్తుంది. బరువులో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళు గాలి ఉంటేనే విషవాయువులను హరించే పరికరం సక్రమంగా పనిచేస్తుంది. ఇంత సన్నని గీత మీద, ఎక్కే దారిలోను, దిగే దారిలోను, చలిలోను, ఎండలోను నిలపడం మనిషి చెవికి సాధ్యం కాదు. కావున కంప్యూటరును నిందించడం న్యాయం కాదు. మన బిడ్డలు పీల్చే గాలి కొరకు వచ్చిన మార్పు అది. పాతదంతా బంగారమని వాదించేవారితో మేము ఏకీభవించము. పాత అంబాసిడరు తలుపు మూయడానికి ఎంత బలం కావలసి వచ్చేదో మరచినవారే ఆ మాట అంటారు.

మా అభ్యంతరం వేరొకచోట ఉన్నది. కారులో స్టీరింగు కింద, మోకాలికి సమీపంలో, 16 పిన్నులు గల ఒక చిన్న సాకెట్టు ఉంటుంది. దానికి స్కానరు తగిలిస్తే వాహనం తన రోగాన్ని సంకేతాక్షరాలలో చెబుతుంది. పి 0301 అంటే ఒకటవ సిలిండరులో ఇంధనం సరిగా అంటుకొనడం లేదని అర్థం. పి 0171 అంటే మిశ్రమంలో గాలి పాలు హెచ్చినదని అర్థం. పి తరువాత సున్న ఉన్న ఈ సంకేతాలు అన్ని కంపెనీలకూ ఉమ్మడివి. ఎవరైనా నేర్చుకోవచ్చును. ఐతే పి తరువాత ఒకటి ఉన్నవి ఆయా కంపెనీల సొంత సంకేతాలు. వాటి అర్థం కంపెనీ తెలిపితేనే తెలుస్తుంది. వ్యాకరణం అందరిదీ, నిఘంటువు మాత్రం ఒక్కరి ఇంటిలో తాళం వేసి ఉన్నదన్నట్లు. కొన్ని భాగాలను మార్చిన పిమ్మట కంపెనీ కంప్యూటరు ఒప్పుకుంటే గాని అవి పనిచేయవు. భాగం సరిపోయినా, బిగింపు సరిపోయినా, అనుమతి లేదు కనుక బండి కదలదు.

ఈ విషయం న్యాయపీఠాల దాకా వెళ్ళినది. 2011లో ఒక వినియోగదారుడు చేసిన ఫిర్యాదుతో మొదలైన విచారణ ముగిసి, 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలపై మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. విడిభాగాలను, లోపాన్ని కనిపెట్టే పరికరాలను స్వతంత్ర మెకానిక్‌లకు అందనీయకపోవడం తప్పని తేల్చినది. కంపెనీలు పై మెట్లెక్కినవి. తరువాత 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని నియమించి, ఆ ఏడు డిసెంబరు 24న ఒక పోర్టలును తెరచినది. వాహనాలు, సెల్‌ఫోనులు, గృహోపకరణాలు, వ్యవసాయ పనిముట్లు దాని పరిధిలోనివి. మంచి ప్రయత్నమే. ఐతే షెడ్డులోని మనిషికి ఆ వార్త చేరినదా అన్నది వేరు ప్రశ్న.

కారు లోపలి అమరికను గూర్చి కూడా ఒక మాట చెప్పాలి. ఏ.సి. తగ్గించడానికి గుండ్రటి మీట ఉన్నప్పుడు, కన్ను దారి మీద ఉండగానే చేయి తడిమి దానిని పట్టుకొనేది. అద్దపు తెర వచ్చిన తరువాత చేతికి ఆనవాలు లేకుండా పోయినది. తెర అంతటా ఒకటే నునుపు. కావున కన్ను దారి విడిచి తెర వైపు తిరగవలసి వస్తున్నది. మన ఔటర్ రింగు రోడ్డు మీద ఒక రెండు సెకనులు కన్ను మరలితే వాహనం ఎంత దూరం పోతుందో లెక్క కట్టండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది 55 మీటర్ల పైచిలుకు. 2017లో సింగపూరు సమీపంలో అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక చమురు ఓడను ఢీకొని 10 మంది నావికులు మరణించినారు. చుక్కాని తెరల విషయంలో ఏర్పడిన తికమక ఒక కారణమని విచారణలో తేలినది. ఆ పిమ్మట 2019లో ఆ నౌకాదళం వేగాన్ని అదుపు చేసే తెరలకు బదులు మరల చేతి మీటలు పెట్టడానికి నిర్ణయించినది. ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ కూడా 2026 నుండి హారను, వైపరు, ఇండికేటరు వంటి ముఖ్యమైన వాటికి చేతి మీటలు లేకుంటే మార్కులు తగ్గించే పద్ధతి తెచ్చినది. పెద్దవారు ఇంత తిరిగి వచ్చి చేరిన చోటు, మన ఇంటి ఫ్యాను రెగ్యులేటరు ఎన్నడూ విడిచిపెట్టని చోటే.

ఇక మా సొంత శాఖకు వస్తాము. సాఫ్ట్‌వేరు భాషను మూసివేసిన కథ కూడా ఇటువంటిదే. తెలుగు పుస్తకాలు, పత్రికలు చాలాకాలం అను ఫాంటులలో కూర్చబడినవి. ఉర్దూవారికి 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ఎంతో ఉపకారం చేసినది. కాతిబు చేతివాటంలోని నస్తలీఖు లిపి, మెట్లు దిగినట్లు వాలుగా దిగే ఆ సొగసు, దాని వలన ఇంటింటి కంప్యూటరుకు చేరినది. కాని ఆ పాత ఫైళ్ళను ఆ సాధనాలు లేనిచోట తెరిస్తే పిచ్చిగీతలే కనిపిస్తాయి. రెండు భాషల వాత్సల్యమూ రెండు పెట్టెలలో బందీ ఐనది. అన్ని లిపులకూ ఉమ్మడి సంఖ్యలిచ్చిన యూనికోడు వచ్చి ఆ పెట్టెల మూతలు తీసినది. అందులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించినారు.

ఉమ్మడి పద్ధతి వచ్చినంత మాత్రాన కష్టాలు తీరినవని కాదు. యూనికోడులో కంటికి కనిపించని, వెడల్పు లేని ఒక గుర్తు ఉన్నది. అక్షరాలు ఒకదానికొకటి వత్తుగా అతుక్కోకుండా నిలిపేది అది. అది లేకుంటే 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అవుతుంది. 2018 ఫిబ్రవరిలో ఈ గుర్తు 'జ్ఞ'కూ దాని దీర్ఘానికీ నడుమ, అక్కరలేని చోట, చేరిన ఒక 'జ్ఞా' సందేశంగా రాగానే ఐఫోనులలోని యాప్‌లు కుప్పకూలినవి. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ దిద్దుబాటు విడుదల చేసినది. జ్ఞానానికి మొదటి అక్షరం అంత ఖరీదైన ఫోనును పడగొట్టినదని మా తరగతిలో నవ్వుకున్నాము. నవ్వు అటుంచి ఆలోచిస్తే, ఆ ప్రోగ్రాము వ్రాసే గదిలో గుణింతం దిద్దినవాడు ఒక్కడుంటే దీనిని ముందే పసిగట్టేవాడేమో. మేడలోని ఉద్యోగానికి తెలుగు ఎందుకని అడిగే విద్యార్థులకు మేము ఈ కథే చెబుతాము.

విప్పి చూచే బుద్ధి చదువును బట్టి రాదు. ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి బడి చదువు బాల్యంలోనే ఆగినది. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయడంలో తల్లి లక్ష్మి గారి చేయి ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడవలసి వచ్చేది. ఆమె భుజం నొప్పి చూడలేక 1992లో పని మొదలుపెట్టి, 1999లో యంత్రాన్ని పూర్తిచేసినారు. చిక్కుబడిన చివరి కదలిక, హైదరాబాదు బాలానగరులో ఒక కర్మాగారపు యంత్రం ఆడుతుండగా చూచినప్పుడు ఆయనకు తట్టినది. దాపరికం లేని యంత్రం కనుకనే చూచి నేర్వగలిగినారు. మూత మూసిన పెట్టె ఐతే ఏమి చూచేవారు? లక్ష్మీ ఆసు యంత్రానికి 2011లో పేటెంటు, ఆయనకు 2017లో పద్మశ్రీ లభించినవి.

మా విద్యార్థి ఒకడు గత సెలవులలో చవక స్కానరు ఒకటి కొని తండ్రి షెడ్డుకు ఇచ్చినాడు. తండ్రికి ఇంగ్లీషు రాదు. కావున సంకేతాల పట్టికను ఒక అట్టమీద ఎడమవైపు తెలుగులో, కుడివైపు ఉర్దూలో వ్రాసి గోడకు తగిలించినాడు. భాషాపరంగా సరిచూడమని మాకు చూపినాడు. పి 0తో మొదలయ్యే గడులన్నీ నిండి ఉన్నవి. పి 1 కింద గీతలు గీచి, గడులు ఖాళీగా ఉంచినాడు. తెలిసినప్పుడు నింపుతానన్నాడు.