ఏ మోడల్ ఏ యాప్‌లో ఉండాలి?

జాంగోలో ప్రాజెక్ట్ మొదలుపెట్టగానే అందరం మోడల్స్ అన్నీ ఒకే ఫైల్‌లో రాసేస్తాం. ఐదారు మోడల్స్ దాకా అది తప్పేమీ కాదు. టీమ్‌లో తలా ఒక యాప్ పంచుకున్నప్పుడే అసలు గొడవ.

మన కాలేజీకే ఒక సైట్ చేస్తున్నాం అనుకోండి. స్టూడెంట్స్, లైబ్రరీ, హాస్టల్ అని మూడు యాప్‌లు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో రాసుకునే 'ఇష్యూ' మోడల్‌కి స్టూడెంట్ కావాలి. స్టూడెంట్‌కి మాత్రం లైబ్రరీ సంగతి తెలియక్కర్లేదు. రేపు లైబ్రరీ యాప్ పీకేసినా స్టూడెంట్ స్టూడెంటే కదా! కాబట్టి ఇష్యూ ఉండాల్సింది లైబ్రరీలో, ఫారిన్ కీ ఉండాల్సింది ఇష్యూలో. కాగితం మీద గీస్తే బాణం ఎప్పుడూ లైబ్రరీ నుంచి స్టూడెంట్స్ వైపే.

ఎవరో ఉత్సాహంగా స్టూడెంట్ మోడల్‌లో 'చివరిగా తీసుకున్న పుస్తకం' అని ఫీల్డ్ పెట్టి, లైబ్రరీని ఇంపోర్ట్ చేశారా, సర్క్యులర్ ఇంపోర్ట్ ఎర్రర్ రెడీ. క్లాస్‌ని ఇంపోర్ట్ చేయకుండా యాప్ పేరు, చుక్క, మోడల్ పేరు కోట్స్‌లో రాస్తే ఎర్రర్ పోతుంది. మోడల్స్ అన్నీ లోడయ్యాక జాంగోనే వాటిని కలుపుతుంది. ఎర్రర్ పోతుంది గానీ ముడి అలాగే ఉంటుంది. నన్నడిగితే ఆ ఫీల్డే దండగ. ఇష్యూ టేబుల్‌ని తేదీ వరసలో అడిగితే అదే చెబుతుంది.

ఆన్ డిలీట్ దగ్గర కూడా ఆగి ఆలోచించండి. క్యాస్కేడ్ అని పెడితే, స్టూడెంట్స్ యాప్‌లో ఒక సీనియర్ రికార్డు డిలీట్ చేయగానే, ఆయన తిరిగివ్వని పుస్తకాల ఇష్యూ రికార్డులు కూడా పోతాయి. లైబ్రరీ యాప్ రాసినవాళ్లకి ఆ విషయం తెలియను కూడా తెలియదు. ప్రొటెక్ట్ పెడితే ఆ డిలీట్ అక్కడే ఆగుతుంది.

"తర్వాత మార్చుకుందాంలే" అనుకుంటాం. కానీ టేబుల్ పేరు ముందు యాప్ పేరే ఉంటుంది. క్లాస్‌ని కట్ చేసి ఇంకో యాప్‌లో పేస్ట్ చేస్తే, మేక్‌మైగ్రేషన్స్‌కి అది ఇల్లు మారడంలా కనిపించదు. పాత మోడల్ తీసెయ్, కొత్తది కట్టు అని మైగ్రేషన్లు రాస్తుంది. చదవకుండా మైగ్రేట్ కొడితే కొత్త టేబుల్ ఖాళీ, పాత డేటా గల్లంతు. మెటాలో పాత టేబుల్ పేరునే ఉంచి, సెపరేట్‌డేటాబేస్‌అండ్‌స్టేట్ అనే ఆపరేషన్ వాడితే, టేబుల్‌ని ముట్టుకోకుండా జాంగో లెక్కల్లో మాత్రమే మోడల్ మారుతుంది. పేరు పొడుగే గానీ పని చిన్నది.

యూజర్ మోడల్ విషయంలో మాత్రం వాయిదా వద్దు. అన్ని యాప్‌ల బాణాలూ దాని వైపే వస్తాయి. సొంత యూజర్ మోడల్ కావాలంటే దానికో యాప్ పెట్టి, సెట్టింగ్స్‌లో ఆ పేరు ఇచ్చాకే మొదటి మైగ్రేట్ కొట్టండి.