దూరదేశమునకు కట్టు మూట

చదువవలసిన భాగములు: ఆదికాండము 43:11–14, 25–30, 2 సమూయేలు 23:13–17



జూలై, ఆగస్టు మాసములలో మన గోదావరి లంక గ్రామములకు దూరదేశములనుండి బిడ్డలు వచ్చుచుందురు. కువైట్, దుబాయి, మస్కట్ పట్టణములలో పిల్లలతో కాపురమున్నవారికి అక్కడి బడులు మూసినప్పుడే స్వగ్రామము చూచు అవకాశము దొరకును. 1973లో ముడిచమురు ధర పెరిగిన తరువాత ఆ దేశములలో పనులు విస్తరించెను. నాటినుండి గోదావరి, కడప ప్రాంతములవారు అనేకులు అక్కడికి బ్రతుకు తెరువునకై వెళ్లుచున్నారు. వచ్చిన నెలదినములు ఇట్టే గడచిపోవును. మరల ప్రయాణపు దినములు సమీపించినప్పుడు ప్రతి ఇంటను ఒకటే సందడి. ఆవకాయ, మాగాయ, కందిపొడి, మినపవడియాలు, అప్పడాలు, సున్నుండలు, ఆత్రేయపురపు పూతరేకులు, మామిడితాండ్ర, కొత్త చింతపండు, నేతిసీసా – వీటితో పెట్టెలు నిండును.

ఇట్టి మూటను గూర్చి వాక్యములో ఏమైనను ఉన్నదా అని స్త్రీల కూటములో ఒక సహోదరి మమ్మును అడిగెను. ఉన్నది. ఈ నెల పాఠములో దానిని ధ్యానింతము.

1. యాకోబు కట్టించిన మూట

యోసేపు ఐగుప్తులో కాపురమున్నవాడు. పదునేడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచిన తరువాత ఇరువది ఏండ్లకు పైగా తండ్రి ముఖము చూడలేదు. అక్కడనే వివాహమాయెను, అక్కడనే ఇద్దరు కుమారులు కలిగిరి. అట్టివానియొద్దకు స్వదేశపు వస్తువులు చేరిన దినమును గూర్చియే ఈ అధ్యాయము చెప్పుచున్నది. ఐగుప్తులోని ఆ అధికారి తన కుమారుడే యని యాకోబు ఎరుగడు. అయినను కనాను దేశములో పండినవాటిలో మంచివి ఏర్పరచి గోనెలలో కట్టించెను: మస్తకి, తేనె, సుగంధద్రవ్యములు, బోళము, పిస్తా, బాదము.

ఇందులో మూడు సంగతులు గమనింపవలెను.

మొదటిది, అది కరవు కాలము. ఇంట తిండిగింజలు లేకనే కుమారులను రెండవమారు ఐగుప్తునకు పంపుచుండెను. గనుక యాకోబు కట్టించినది కొంచెమే. లేనిచోట అప్పుచేసి బండ్లు నింపలేదు. లేదని చేతులు ముడుచుకొని కూర్చుండనూ లేదు. ఉన్నదానిలో మంచిదానిని కొంచెము పంపెను.

రెండవది, ఆ మూటలో దాపరికము లేదు. మొదటి ప్రయాణమున గోనెలలో తిరిగివచ్చిన రూకలను కూడ తీసికొనిపోయి అప్పగింపుమని 12వ వచనములో ఆజ్ఞాపించెను. కానుకయు యథార్థతయు ఒకే గోనెలో వెళ్లెను.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. 26వ వచనములో కుమారులు కానుకను యోసేపు ఎదుట పెట్టిరి. 27వ వచనములో అతడు మొదట అడిగినదేమి? తేనె ఎంత యని అడుగలేదు. బాదము ఎక్కడిదని అడుగలేదు. ముసలివాడైన తండ్రి క్షేమముగా నున్నాడా, బ్రదికియున్నాడా అని అడిగెను. వస్తువును చూచి, దానిని పంపిన చేతిని తలంచెను.

2. మేము చూచిన ఒక మూట

మా సంఘములోని ఒక తల్లి సంగతి ఇక్కడ చెప్పుట మంచిది. ఆమె సెలవు పొందియే వ్రాయుచున్నాము. ఆమె విధవరాలు, అరువదియైదేండ్లు దాటినది. కుమార్తె, అల్లుడు, ఇద్దరు పిల్లలు కువైట్‌లో ఉన్నారు. వారు జూలైలో వత్తురని ఆమె మే నెలలోనే కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు కొని, ముక్కలు కొట్టించి, ఆవపిండి, కారము, ఉప్పు, పప్పునూనె కలిపి పెద్ద జాడీలు రెండు నింపెను. ఇరుగుపొరుగు వారు మరపట్టించమని చెప్పినను, మరలో కారము రుచి పోవునని రోటిలోనే దంచెను. ఎండలో వడియాలు పెట్టెను. ఇదంతయు ఒంటిచేతి పని.

ప్రయాణపు సాయంకాలము మేము ప్రార్థనకు వెళ్లితిమి. వసారాలో నాలుగు పెట్టెలు తెరచియున్నవి. అల్లుడు వేలాడు త్రాసుకు పెట్టె తగిలించి, ముప్పదియొకటి, ఇరువదితొమ్మిదిన్నర అని చదువుచున్నాడు. మనిషికి ముప్పది కిలోలే గనుక వడియాలు ఒకదానినుండి తీసి మరియొకదానిలో పెట్టుచున్నారు. మేమును త్రాడు పట్టుకొంటిమి. అంతేకాదు, అక్కడున్న మా బంధువునకు ఇమ్మని ఒక పొట్లము కూడ వారిచేత పెట్టించితిమి. ఆ తల్లి వంటగది గుమ్మమున నిలువబడి, ఎడమచేతితో కుడి భుజమును పట్టుకొని చూచుచుండెను. కూర్చుండుమని ఎవరును అనలేదు, మేమును అనలేదు. కారు వచ్చెను. ప్రార్థన రెండు నిమిషములలో ముగించితిమి.

నాలుగవ దినమున ఆమె గుడికి రాలేదని వెళ్లి చూడగా మంచముమీద ఉన్నది. మే నెలనుండియే కుడిచేయి పైకి లేచుట లేదు. రాత్రులు గుండెలో బరువుగా నుండెనట. “నెలరోజులు ఉండిపోయే పిల్ల, చెబితే ఏడుస్తూ కూర్చుంటుంది కదా అయ్యగారూ” అనెను. నూనె, మిరపకాయలు, మినుములు కొట్టులో అప్పు తెచ్చినవని కూడ అప్పుడే తెలిసెను. ఆమెను పట్టణపు ఆసుపత్రికి తీసికొని వెళ్లితిమి. రక్తపు పోటు మిక్కిలి ఎక్కువగా నున్నదనియు, ఇంక ఆలస్యమైతే ప్రమాదమనియు వైద్యుడు చెప్పెను. ప్రభువు కృపవలన ఆమె కోలుకొనెను.

ఆ రాత్రి కుమార్తెతో ఫోనులో మాట్లాడితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, “అయ్యగారూ, నెలంతా ఒకే ఇంట్లో ఉన్నాం. అమ్మ చేతి అన్నమే తిన్నాం. ఆ చెయ్యి పైకి లేవటం లేదని నేను చూడలేదు” అనెను.

ఆమె మాట మమ్మును కూడ గద్దించెను. మేము వేదాంత పాఠశాలలో చదువుకొను దినములలో మా తల్లిగారు ప్రతి సెలవుల తరువాత ఒక జాడీ పచ్చడి కట్టి ఇచ్చెడివారు. స్నేహితులతో పంచుకొని తింటిమి గాని, మాకు జాడీ నింపిన సంవత్సరములలో ఇంట ఎంత మిగిలినదో ఒక్కమారైనను అడుగలేదు. ఇప్పుడు అడుగుదమన్నను ఆమె లేరు.

3. దావీదు త్రాగని నీళ్లు

దావీదు అదుల్లాము గుహలో ఉన్నప్పుడు, తన ఊరైన బేత్లెహేము గవినియొద్దనున్న బావి నీళ్లమీద ఆశపుట్టెను. అది కోతకాలము, ఊరు ఫిలిష్తీయుల చేతిలో ఉన్నది. స్వగ్రామపు నీటిమీద ఆశపడుట పాపము కాదు. పరదేశమందున్న ప్రతివాడును ఆ దాహము ఎరిగినవాడే. కాని ముగ్గురు బలాఢ్యులు ప్రాణములకు తెగించి, శత్రువుల దండులోనుండి చొచ్చుకొనిపోయి ఆ నీళ్లు తెచ్చినప్పుడు అతని కన్నులు తెరువబడెను. ఆ పాత్రలో అతనికి నీరు కనబడలేదు, మనుష్యుల ప్రాణము కనబడెను. దానిని త్రాగక ప్రభువునకు పారబోసెను.

అతడు ఆ ముగ్గురిని గద్దింపలేదు. వారి ప్రేమను తృణీకరింపలేదు. దాని వెల ఎంతో ఎరిగినందుననే తన నోటికి తగదని ఎంచెను. మనము పెట్టె బరువు చూచుచున్నాము. దాని వెల చూచుచున్నామా? త్రాసు కిలోలను చెప్పును గాని, ఒక తల్లి భుజపు నొప్పిని చెప్పదు. కొట్టులో వ్రాసిన అప్పును చెప్పదు.

4. మనము చేయదగినవి

ఈ పాఠము విని పచ్చళ్లు కట్టుట మానవలెనని ఎవరును తలంపవద్దు. ఏమియు వద్దనుట కన్నవారికి నొప్పి కలిగించును. యాకోబు మాదిరి ‘కొంచెము’ అనునది మనకు చాలును.

వెళ్లు బిడ్డలారా, అక్కడి అంగళ్లలో దొరుకు బియ్యము, పప్పు, చింతపండు ఇక్కడినుండి మోయనేల? అమ్మ చేతిలో తప్ప దొరకనిదానినే కొంచెము తీసికొనుడి. వచ్చిన మొదటి వారములోనే తలిదండ్రులను వైద్యునియొద్దకు తీసికొని వెళ్లుడి. కొట్టులో అప్పున్నదేమో మీరే వెళ్లి విచారించుడి. పెట్టెలు రెండు దినములు ముందుగానే కట్టి ముగించుడి. కడపటి సాయంకాలము త్రాసుది కాక, ఇంటి పెద్దలది కావలెను.

చట్టమునకు లోబడుడి. పప్పునూనె తేలు పచ్చళ్లు, నెయ్యి చేతిసంచిలో పెట్టరాదు. ద్రవపదార్థములకు నూరు మిల్లీలీటర్ల హద్దు ఉన్నది. మన కోనసీమవారికి ప్రియమైన ఎండుకొబ్బరి తానంతట తాను వేడెక్కి రగులుకొను గుణము కలది గనుక విమానపు సామానులో నిషిద్ధము. కూరలలో వేయు గసగసాలు యు.ఏ.ఈ., సౌదీ అరేబియా దేశములలో మాదకద్రవ్యముతో సమానముగా ఎంచబడును. తెలియక తీసికొనిపోయినను చిక్కులు తప్పవు. ట్రమడాల్ వంటి నొప్పిమాత్రలు, కోడీన్ కలిసిన దగ్గుమందులు వైద్యుని చీటీ లేకుండ, ఆ దేశపు నియమము తెలిసికొనకుండ తీసికొనిపోవద్దు.

ఇతరులు ఇచ్చు పొట్లములను విప్పి చూచి గాని పెట్టుకొనవద్దు. 2019లో ముంబయికి చెందిన దంపతులు దగ్గరి బంధువు ఇచ్చిన పొట్లమును నమ్మి తీసికొనిపోగా, దోహా విమానాశ్రయములో అందు హషీష్ దొరికెను. వారికి పదియేండ్ల శిక్ష పడెను. 2021లో నిర్దోషులని విడుదలయగు వరకు పరదేశపు చెరసాలలోనే ఉండిరి. పొట్లము ఇచ్చువారును నొచ్చుకొనరాదు. మేము కూడ ఇకమీదట విప్పిన పొట్లమునే ఇత్తుము.

ఇంటనుండు పెద్దలారా, మీ దేహస్థితిని దాచవద్దు. దాచుట ప్రేమవలెనే కనబడును గాని, తరువాత బిడ్డలు మోయవలసిన దుఃఖము జాడీకంటె బరువైనది. పొరుగింటి పెట్టెతో మీ పెట్టెను పోల్చుకొని అప్పుచేయవద్దు.

అక్కడికి చేరిన తరువాత మరియొక మాట జ్ఞాపకముంచుకొనుడి. మన ఊళ్లనుండి ఇండ్లలో పనికి వెళ్లిన సహోదరీలు అనేకులకు అక్కడ స్వంత వంటగది లేదు. ఏండ్ల తరబడి ఊరు చూడనివారున్నారు. కువైట్‌లో శుక్రవారము సెలవుదినము గనుక ఆరాధనలు ఆ దినమున జరుగును. అప్పుడు అట్టి సహోదరిని పిలిచి, మీ ఇంట ఒకపూట అన్నములో ఆవకాయ కలిపి పెట్టుడి. మన తల్లుల ప్రయాస ఇద్దరి ఆకలి తీర్చును.

ఆ తల్లి సంగతి ముగించి విరమింతుము. మరుసటి సంవత్సరము ఏప్రిల్‌లోనే కుమార్తె ఫోను చేసి, కొట్టు అప్పు తీర్చి, ఈ ఏడు ఏమియు పెట్టవద్దనెను. తల్లి కన్నీరు పెట్టుకొని, “ఒక చిన్న జాడీ అయినా పెట్టనివ్వమనండి అయ్యగారూ” అని మమ్మును మధ్యవర్తిగా పంపెను. సరే యని ఒప్పుకొనిరి. సంఘపు స్త్రీలు ముక్కలు కొట్టిరి, కారము మరపట్టించిరి. జూలైలో బిడ్డలు వచ్చిన తరువాత కందిపొడిని అందరు కలిసి చేసిరి. మనుమడు కందులు వేయించెను, అమ్మమ్మ మంచముమీద కూర్చుండి ఉప్పు చెప్పెను. ప్రయాణపు సాయంకాలము మేము వెళ్లునప్పటికి పెట్టెలు గుమ్మమున కట్టియున్నవి. అందరును ఆమె చుట్టు చాపమీద కూర్చుండియున్నారు. ఆ దినమున ప్రార్థనకు తొందర కలుగలేదు.

కూటములలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. కరవు దినములలో యాకోబు కానుక పంపుటనుండి మనము ఏమి నేర్చుకొందుము?
2. కానుక అందుకొన్న యోసేపు మొదట అడిగిన సంగతి ఏది? మనము మొదట ఏమి అడుగుచున్నాము?
3. దావీదు ఆ నీళ్లు ఎందుకు త్రాగలేదు? మన ఇంట ఎవరి ప్రయాస మనకు కనబడకయున్నది?
4. దూరదేశములనుండి వచ్చిన కుటుంబములకును, వారి తలిదండ్రులకును మన సంఘము ఏ విధముగా సహాయపడగలదు?

ప్రార్థనాంశము: దూరదేశములందున్న మన బిడ్డలకొరకును, ఇంట ఎదురుచూచు వృద్ధులకొరకును ఈ నెల ప్రతి గృహకూటములో ప్రార్థింతము.