బాలల మనోశక్తి పరీక్షలు – మాతృభాష

తాపీ నదీతీరాన గల సూరత్ నగరం జరీ పనికి, మరమగ్గాలకు పేరెన్నికగన్నది. జీవనోపాధికై తెలంగాణ నుండి వెళ్లిన నేతపనివారి కుటుంబాలు అనేకం అక్కడ స్థిరపడ్డాయి. ఆ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా పాఠశాలలతో పాటు తెలుగు పాఠశాలలను సైతం నిర్వహిస్తున్నది.

ఇట్టి కుటుంబంలో మూర్ఛవ్యాధి గల ఒక బాలికను ఊహించుకుందాం. వ్యాధి ఆమె అవధానాన్ని, జ్ఞాపకశక్తిని ఎంతవరకు బాధించినదో తెలుసుకొనుటకు నేడు కంప్యూటరు పరీక్షలు కలవు. తెరపై చతురస్రాలు ఒకదాని తరువాత ఒకటి వెలుగుతాయి. బాలిక అదే క్రమంలో వాటిని తాకవలెను. ఒక్కొక్క సమాధానానికి పట్టిన కాలాన్ని యంత్రం సెకనులో వెయ్యవ వంతు వరకు నమోదు చేస్తుంది. మందు మార్చిన పిదప పరీక్షను మరల జరిపి పోల్చవచ్చును. అయితే అలవాటు వల్ల కలిగే మెరుగుదలను లెక్కలోనికి తీసుకొనవలెను. అట్లే, మస్తిష్క పక్షవాతం గల బిడ్డ చేయి ఆలస్యంగా కదిలినంత మాత్రాన బుద్ధి మందగించినదని తలచరాదు.

యంత్రం కాలాన్ని కచ్చితంగా కొలుస్తుంది; ప్రశ్న బిడ్డకు అర్థమైనదో లేదో మాత్రం దానికి తెలియదు. ఈ చిక్కు కొత్తది కాదు. 1955లో సి. ఎం. భాటియా భారతీయ పరిస్థితులకు అనువుగా రూపొందించిన ఐదు పరీక్షలలో దిమ్మెలకు, బొమ్మలకు ప్రాధాన్యమిచ్చి, చదువురాని బాలురకు అంకెలకు బదులు శబ్దాలను వాడారు.

ప్రశ్నను అనువదించినంతనే సమస్య తీరిపోదు. అంకెలను విని తిరిగి చెప్పే పరీక్షనే తీసుకుందాం. గుజరాతీలో ఏక్, బే, త్రణ్, చార్ అన్నీ ఏకాక్షరాల వలె పలుకుతాయి. మన ఒకటి, నాలుగు, ఎనిమిది, తొమ్మిది అంతకంటె దీర్ఘమైనవి. పలుకుటకు ఎక్కువ కాలం పట్టే అంకెలు తక్కువగా గుర్తుంటాయని వేల్సు, ఆంగ్ల భాషలను పోల్చిన పరిశోధన 1980లోనే తెలిపినది. కాబట్టి గుజరాతీ బాలల ప్రమాణంతో తెలుగు బాలికను తూచినచో, భాషాభేదం వ్యాధిలక్షణంగా కనిపించే ప్రమాదమున్నది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీర్ఘకాలిక నాడీ వ్యాధులను కూడ గుర్తించినది. బిడ్డకు లభించే సహాయం, చదువు పరీక్షాఫలితంపై ఆధారపడగల ఈ రోజులలో, ఇంటిలో బిడ్డ మాట్లాడే భాష ఏదని ముందుగా అడుగుట పరీక్షకుని ప్రథమ కర్తవ్యం. ఆ భాషలో సూచనలు, ఆ భాషా బాలల నుండి సేకరించిన ప్రమాణాలు సమకూరిన నాడే యంత్రం చెప్పే అంకెకు విలువ ఏర్పడుతుంది.